ప్రియదర్శిని పెట్టె చుట్టూ నలుగురు

(సినిమాల ఆధారంగా వచ్చిన ఎస్కేప్ బోర్డు గేమ్‌ల గురించి విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ బీచ్‌కి వెళ్ళే వేళలో, బోర్డు గేమ్‌ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకూ మనవల చేయి పట్టుకొని వచ్చిన పెద్దలకూ ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఈరోజు నేను చెప్పబోయే ఆటలు ఒకే వయసువాళ్ళు కూర్చుని ఆడితే వాటి రుచి సగమే తెలుస్తుంది.

నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. మధ్యలో ఒక పెట్టె. అందులో కొన్ని కార్డులు, ఒక పటం, మూసిన కవర్లు. కథ ప్రకారం మీరందరూ ఎక్కడో చిక్కుకుపోయారు. అది మంచు కప్పేసిన హోటల్ కావచ్చు, సముద్రపు దొంగల గుహ కావచ్చు. చిక్కుముడులు ఒక్కొక్కటీ విప్పుకుంటూ, తాళాలు తీసుకుంటూ బయటపడాలి. ఎవరూ ఎవరితోనూ పోటీ పడరు. గెలిస్తే నలుగురూ గెలుస్తారు, ఓడితే నలుగురూ ఓడుతారు. మన ఇళ్ళలో ఆడిన వైకుంఠపాళి, అష్టాచెమ్మా, వామనగుంటలు అన్నీ ఒకరి మీద ఒకరు గెలిచే ఆటలు. పచ్చీసులో జంటలున్నా ఎదురుగా ఇంకో జంట ఉంటుంది. ఇక్కడ ఎదురుగా ఉన్నది పెట్టె ఒక్కటే.

ఈ ఆటల పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. 2004లో జపాన్‌కు చెందిన తోషిమిత్సు తకాగి ‘క్రిమ్సన్ రూమ్’ అనే కంప్యూటర్ ఆట చేశారు. ఎర్రటి గదిలో ఇరుక్కున్న మనిషి, అక్కడున్న వస్తువులను వెతికి పట్టుకొని బయటికి రావాలి. 2007లో క్యోటో నగరంలో తకావో కాటో అదే పనిని నిజమైన గదిలో, నిజమైన మనుషులతో చేయించారు. ఎస్కేప్ రూములు అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. ఆ గదిని మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టడం 2016 ప్రాంతంలో ఊపందుకుంది. జర్మనీలో ఇన్కా బ్రాండ్, మార్కుస్ బ్రాండ్ దంపతులు రూపొందించిన ‘ఎగ్జిట్’ ఆటలు ఆ ఏడాది వచ్చాయి. మరుసటి ఏడాదే, అంటే 2017లో, కొంచెం అనుభవమున్న ఆటగాళ్ళ కోసం జర్మనీలో ఏటా ఇచ్చే కెన్నర్‌ష్పీల్ బహుమతి వాటికి దక్కింది. ఫ్రాన్స్‌లో ‘అన్‌లాక్’ మొదలైందీ 2017లోనే.

సినిమాల సంగతి ఆ తర్వాతది. 2020లో అన్‌లాక్ వాళ్ళు ‘స్టార్ వార్స్’ పెట్టె తెచ్చారు. అందులో మూడు సాహసాలు ఉంటాయి. అదే ఏడాది అమెరికాలో ‘కోడెడ్ క్రానికల్స్’ అనే వరుస మొదలైంది. 1980లో వచ్చిన ‘ది షైనింగ్’ సినిమాలోని ఓవర్‌లుక్ హోటల్ నుంచి తప్పించుకునే ఆట ఆ వరుసలోదే. 1985 నాటి ‘ది గూనీస్’ మీదా ఒకటి వచ్చింది. అందరికీ తెలిసిన టీవీ కార్టూన్ స్కూబీ డూ కూడా ఆ వరుసలో ఉంది.

ఇవి ఎలా నడుస్తాయో దగ్గరగా చూద్దాం. అన్‌లాక్‌లో ప్రతి కార్డుకీ ఒక అంకె ఉంటుంది. మీ దగ్గర ఎరుపు గుర్తున్న 6వ కార్డు ఒక తాళంచెవి, నీలం గుర్తున్న 11వ కార్డు ఒక పెట్టె అనుకోండి. ఈ రెంటికీ సంబంధం ఉందని మీకు తోచింది. రెండూ కూడితే 17. దొంతరలో 17వ కార్డు వెతికి తిరగేస్తారు. మీ ఊహ సరైనదైతే పెట్టె తెరుచుకున్న బొమ్మ వస్తుంది. తప్పైతే నష్టం కలిగే అవకాశం ఉంది. ఫోనులో గడియారం నడుస్తూనే ఉంటుంది, తప్పు చేస్తే నిమిషాలు కోత పెడుతుంది. కోడెడ్ క్రానికల్స్ పద్ధతి వేరు. అక్కడ మీరు సినిమాలోని ఒక పాత్ర. ఆ పాత్రకు ఒక అంకె, గదిలోని ప్రతి వస్తువుకూ మూడంకెలు. రెండూ పక్కపక్కన పెడితే నాలుగంకెల సంఖ్య వస్తుంది. ఆ పాత్ర పుస్తకంలో ఆ సంఖ్య దగ్గర ఏముందో చదవాలి. ఒకే తలుపును ఒక పాత్ర చూస్తే ఒక సంగతి, ఇంకొక పాత్ర చూస్తే ఇంకొక సంగతి. షైనింగ్ ఆటలో మీ చేతిలో ఉండేది తల్లి వెండీ, కొడుకు డానీ. ఆ సినిమా చూసినవాళ్ళకు తెలుసు, ఆ హోటల్లో పిల్లవాడికి కనిపించేవి తల్లికి కనిపించవు. ఆట ఆ తేడాను పట్టుకుంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. సినిమా మీద ఆట చేసేటప్పుడు, ఆ సినిమా పదిసార్లు చూసినవాడికీ ఒక్కసారీ చూడనివాడికీ బల్ల దగ్గర సమానమైన చోటు దొరకాలి. సినిమా నుంచి స్థలం తీసుకోవాలి, మనుషుల్ని తీసుకోవాలి, వాళ్ళ స్వభావం తీసుకోవాలి. జవాబు మాత్రం తీసుకోకూడదు.

ఉదాహరణకు ‘ఆదిత్య 369’ తీసుకుందాం. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన సినిమా. ఆ కాలయంత్రం మీద ఆట చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కాలయంత్రానికి నాలుగంకెల తాళం పెట్టి, ‘యంత్రం భవిష్యత్తులో ఏ ఏటికి వెళ్ళింది’ అని అడిగారనుకోండి. మన హాలులోనే ముప్ఫై గొంతులు ‘2504’ అంటాయి. (నవ్వులు) చూశారా, తాళం తెరుచుకుంది. కానీ ఆ అంకె వినగానే పక్కన కూర్చున్న పన్నెండేళ్ళ పిల్ల ముఖం చూడండి. ఆ అమ్మాయికి ఆటలో పని లేకుండా పోయింది. అది క్విజ్ అయింది, ఎస్కేప్ ఆట కాలేదు. క్విజ్ మంచిదే, నాకూ ఇష్టమే. కానీ తెలియనివాళ్ళు ఆలోచించి తెలుసుకునే వీలు అందులో ఉండదు. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు.

దీనికి పూర్తిగా అటువైపు ఇంకో లోపం ఉంది. మామూలు సుడోకు పజిళ్ళు నాలుగు వేసి, పెట్టె మీద హీరో బొమ్మ అతికించేయడం. లోపల సినిమా ఉండదు. అభిమాని డబ్బు పెట్టి కొని ఉసూరుమంటాడు. ఈ రెండు లోపాల మధ్య దారి చాలా ఇరుకు. స్టార్ వార్స్ పెట్టెలో వాళ్ళు ఎంచుకున్న దారి నాకు నచ్చింది. ఒక కథలో మీరు హాత్ అనే మంచు గ్రహం నుంచి తప్పించుకోవాలి. అది సినిమాలోని చోటే, కానీ మీరు సినిమాలోని హీరో కాదు. తిరుగుబాటు సైన్యంలో ఒకరు, అంతే. ఇంకో కథలోనైతే ఎదుటి పక్షం మనుషులుగా ఆడాలి. సినిమా తెలిసినవాళ్ళు ఆ మంచునీ ఆ యంత్రాలనీ చూసి పొంగిపోతారు. తర్వాత ఏం జరుగుతుందో మాత్రం వాళ్ళకీ తెలియదు.

గూనీస్ సినిమాకు మరో సుగుణం ఉంది. పిల్లల గుంపు నిధి వేటకు వెళ్తుంది. ఒకడికి స్పానిష్ వచ్చు, పటం మీది రాత వాడే చదవాలి. ఒకడు ఏవో పరికరాలు చేసి జేబుల్లో పెట్టుకు తిరుగుతాడు. ఒక అమ్మాయి ఎముకలతో చేసిన వాయిద్యం మీద స్వరాలు సరిగ్గా పలికిస్తేనే దారి తెరుచుకుంటుంది. ఒక్కరున్నా చాలదు, ఒక్కరు లేకపోయినా కుదరదు. ఆటగా మలచడానికి ఇలాంటి కథలే బాగుంటాయి. ఒంటిచేత్తో నలభైమందిని కొట్టే కథానాయకుడి సినిమా ఎంత గొప్పగా ఆడినా, నలుగురు ఆడే ఆటకు పనికిరాదు. మిగతా ముగ్గురూ ఏం చేయాలి?

ఇప్పుడు మన సినిమా దగ్గరకు వస్తాను. ఇన్నేళ్ళుగా ఈ ఆటలు ఆడుతూ నాకు ఒకటే అనిపిస్తోంది. ఈ ఆటకు కావలసిన అన్నింటికన్నా గొప్ప వస్తువు 1957లోనే మన తెరమీదికి వచ్చింది. ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టె. ఎవరు తెరిచి చూస్తే వాళ్ళకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. బలరాముడు చూస్తే దుర్యోధనుడు. రేవతి చూస్తే నగలు. కృష్ణుడు చూస్తే శకుని! పెట్టె ఒకటే, చూసే మనిషిని బట్టి లోపలిది మారుతుంది. సహకార ఆటలు తయారుచేసేవాళ్ళు నానా తంటాలు పడి సాధించేది ఇదే. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకూడదు, అందరూ నోరు విప్పి చెప్పుకుంటేనే దారి దొరకాలి.

ఆ పెట్టెను కాగితం మీద చేయవచ్చు. చేసి చూపిస్తాను. (వక్త ఒక కాగితం ఎత్తి చూపారు.) ఇందులో నాలుగు నగల బొమ్మలున్నాయి. కంటె, అందెలు, పాపిటబిళ్ళ, వడ్డాణం. వరుస కలిపేసి వేశాను. ఒక్కో నగ పక్కన ఎరుపు, లేత నీలం గీతలు చిక్కుపడిపోయి ఉన్నాయి. మామూలు కంటికి ఏమీ అర్థం కాదు. ఇప్పుడు శశిరేఖ పాత్రధారి చేతిలో ఎర్ర జిలాటిన్ కాగితం ఉంటుంది. అది అడ్డు పెట్టుకుంటే ఎర్ర గీతలు మాయమైపోతాయి, నీలం నల్లగా తేలుతుంది. ఆమెకు కంటె పక్కన ‘ర’, అందెల పక్కన ‘ము’ కనిపిస్తాయి. మిగతా రెండు చోట్లా గజిబిజే. బలరాముడి దగ్గర నీలం జిలాటిన్. ఆయనకు పాపిటబిళ్ళ పక్కన ‘తో’, వడ్డాణం పక్కన ‘ణ’. రేవతి కార్డు మీద ఒక్క వాక్యమే ఉంటుంది: ‘తల నుంచి పాదం దాకా అలంకరించుకోవాలి.’ ఆ వాక్యం వింటే వరుస తెలుస్తుంది. పాపిటబిళ్ళ, కంటె, వడ్డాణం, అందెలు. అక్షరాలు ఆ వరుసలో పెట్టండి.

(సభలో నుంచి: ‘తోరణము!’)

అదీ. పెళ్ళి పందిరికి తోరణము. కానీ పెట్టెకున్నది అంకెల తాళం. ఇప్పుడు కృష్ణుడు నోరు విప్పాలి. ఆయన కార్డు మీద అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది పట్టిక ఉంది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. క నుంచి ఞ దాకా, ట నుంచి న దాకా, 1 మొదలుపెట్టి 9 వరకు వెళ్ళి పదో అక్షరానికి సున్న. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతానికి మూలమైన 72 మేళకర్త రాగాల పేర్లు ఈ లెక్కలోనే కట్టారు, మొదటి రెండు అక్షరాలు రాగం సంఖ్య చెబుతాయి. పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం మాయామాళవగౌళ. మా అంటే 5, యా అంటే 1, తిప్పి చదివితే 15. అది 15వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29. ఇప్పుడు తోరణము. తో 6, ర 2, ణ 5, ము 5. తిప్పి చదివితే 5526. అదీ తాళం. కృష్ణుడు పట్టిక మాత్రం చెప్పి తిప్పి చదవాలన్న మాట మరిచిపోతే 6255 పెడతారు, తాళం రాదు. అప్పుడు అందరూ ఆయన వంక చూస్తారు. (నవ్వులు)

ఈ పజిల్‌లో సినిమా చూసినవాడికి లాభం లేదా? ఉంది. పెట్టె బల్ల మీద పెట్టగానే వాడు పక్కవాళ్ళను ‘నీకేం కనిపిస్తోంది’ అని అడుగుతాడు. అక్కడి నుంచి మిగతావాళ్ళతో పాటే తలపట్టుకోవాలి. సినిమా చూడనివాళ్ళు అయిదు నిమిషాలు ఆలస్యంగా అదే ప్రశ్నకు వస్తారు. జవాబుగా ‘మాయాబజార్’ అనే మాటే ఎందుకు పెట్టలేదని మీరు అడగవచ్చు. కటపయాదిలో అది 8315 అవుతుంది (చివరి పొల్లు ‘ర్’ లెక్కలోకి రాదు), చక్కటి నాలుగంకెల కోడ్. కానీ మొదటి అక్షరం వినగానే ఎవరో ఒకరు ఊహించేస్తారు, మిగతా ముగ్గురి కార్డులు వృథా అవుతాయి. తోరణము ఎవరూ ఊహించరు.

ఈ ఆటల్లో ఇంకో చిక్కు ఉంది. చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో ఇంకా ఎక్కువ. బల్ల దగ్గర ఒకరు పెత్తనం తీసుకుంటారు. ‘నువ్వు అది తియ్యి, నువ్వు ఇది తిప్పు’ అంటూ నాలుగు చేతులతో ఒకే బుర్ర ఆడుతుంది. మాట్ లీకాక్ రూపొందించిన ‘పాండెమిక్’ 2008లో వచ్చి సహకార ఆటలకు పెద్ద పేరు తెచ్చింది. అక్కడా ఇదే సమస్య మీద ఆటగాళ్ళు ఎంతగానో వాదించుకున్నారు. పెత్తందారును మందలించి లాభం లేదు. ఆట కట్టడమే అతనికి అన్నీ కనిపించకుండా కట్టాలి. అందుకే నేను ఒక నియమం గట్టిగా పాటిస్తాను. మీ కార్డు చదివి వినిపించవచ్చు, మీ మాటల్లో వర్ణించవచ్చు, చేతికి మాత్రం ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమంతో బిడియస్తులు మాట్లాడతారు. బామ్మగారు మాట్లాడతారు. మాట్లాడక తప్పదు, ఆ ‘ణ’ ఆమెకే కనిపిస్తోంది మరి.

బామ్మగారి మాట వచ్చింది కాబట్టి ఒక బాధ చెప్పుకోవాలి. ఈ పెట్టెలు ఇంగ్లీషులో వస్తాయి. కోడెడ్ క్రానికల్స్‌లో పేజీలకు పేజీలు చదవాలి. మన ఇంట్లో ఒకరు చదివి తెలుగులో చెబుతుంటారు, మిగతావాళ్ళు వింటారు. మాటలతో ఆడే చిక్కుముడి అనువాదంలో చచ్చిపోతుంది. మనకు ఒత్తులున్నాయి, గుణింతాలున్నాయి, పొడుపుకథలున్నాయి, కటపయాది ఉంది. వీటితో తాళాలు చేయగలం. ఎవరో చేసి పంపాలని ఎదురుచూడవలసిన పని లేదు.

విశాఖలో ఉన్నవాళ్ళకు ఇంకో గొప్ప వస్తువు కళ్ళ ముందే ఉంది. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవైన ఇనుప గొట్టం. లోపలికి వెళ్ళినప్పుడు ఫొటోలు తీసుకొని వచ్చేయకండి. ఏ గదిలో ఎవరు కూర్చునేవారో, ఎవరికి ఏది కనిపించేదో అక్కడ వివరించేవాళ్ళను అడగండి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే మునిగిపోయింది. ఆ నేపథ్యంతో 2017లో తెలుగులో ‘ఘాజీ’ సినిమా వచ్చింది. దాని మీద ఆట కట్టాలంటే పాత్రల పంపకం చాలా తేలిక. సోనార్ దగ్గర ఉన్నవాడికి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుసు, కంటికి ఏమీ కనిపించదు. చార్టు దగ్గర ఉన్నవాడికి సముద్రంలో మందుపాతరలు ఎక్కడున్నాయో తెలుసు, శబ్దం వినపడదు. ఇంజిను గదిలో ఉన్నవాడికి బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుసు, పడవ ఎటు పోతోందో తెలియదు. పెరిస్కోప్ పైకెత్తితే నాలుగోవాడికి అంతా కనిపిస్తుంది, కానీ ఎత్తిన ప్రతిసారీ శత్రువుకు మనమూ కనిపిస్తాం. సినిమాలో ఏం జరిగిందో తెలిసినా ఈ ఆట గెలవలేరు. నలుగురూ మాట్లాడుకుంటేనే గెలుస్తారు.

ఇలాంటివి ఇంట్లో ఆడుకోవడానికి చేసుకుంటే ఇబ్బంది లేదు. అమ్మాలంటే మాత్రం ఆ సినిమా హక్కులున్నవారి అనుమతి తప్పనిసరి. నేను చెప్పిన విదేశీ సినిమా పెట్టెలు అలా అనుమతి తీసుకొని వచ్చినవే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: ఒకసారి ఆడేస్తే జవాబులు తెలిసిపోతాయి కదా, అంత డబ్బు పెట్టి కొనడం దండగ కాదా మాస్టారూ?)

న్యాయమైన ప్రశ్న. ఎగ్జిట్‌లో కార్డులు కత్తిరించాలి, కాగితాలు మడవాలి, ఆడాక మిగిలేది చెత్తబుట్టకే. నాకు అది నచ్చదు. అలాంటివి కొంటే కత్తిరించవలసిన కాగితాలు ముందే జిరాక్స్ తీసి పెట్టుకోండి. అన్‌లాక్‌లో ఏదీ పాడుచేయనక్కర్లేదు, ఆడేశాక ఇంకో ఇంటికి ఇవ్వవచ్చు. నాలుగు కుటుంబాలు తలొకటి కొని మార్చుకుంటే ఖర్చు నాలుగో వంతు. గ్రంథాలయాలు పుస్తకాల్లాగే వీటినీ అరువిస్తే ఎంతో బాగుంటుంది. ఆ మాట నేను అడుగుతూనే ఉంటాను.

(ఒక బాలిక: టైమర్ అవుతుంటే మా తాతయ్యకు కంగారు వస్తుంది. అది లేకుండా ఆడవచ్చా?)

తప్పకుండా ఆడవచ్చమ్మా. గడియారం గుండె వేగం పెంచడానికే గాని పజిల్‌కు దానితో పని లేదు. తాతయ్యతో ఆడేటప్పుడు తీసేయి. దాని బదులు సూచనలకు ఖరీదు పెట్టు. ఎగ్జిట్‌లో ఒక్కో చిక్కుముడికి మూడు సహాయ కార్డులుంటాయి. మొదటిది దారి చూపుతుంది, రెండోది ఇంకా దగ్గరకు తీసుకెళ్తుంది, మూడోది జవాబే చెప్పేస్తుంది. నువ్వు చేసే ఆటకూ అలాంటివి మూడు రాసి కవర్లలో పెట్టు. ఏది ఎప్పుడు తెరవాలో తాతయ్యనే నిర్ణయించమను.

(ఒక శ్రోత: ఇద్దరమే ఉంటే ఈ ప్రియదర్శిని ఎలా ఆడాలి?)

ఒక్కొక్కరు రెండు పాత్రలు తీసుకోండి. ఎర్ర జిలాటిన్, రేవతి కార్డు ఒకరికి. నీలం జిలాటిన్, కటపయాది పట్టిక ఇంకొకరికి. రెండు జిలాటిన్లూ ఒకరి చేతిలో పడకుండా చూసుకుంటే చాలు. ఒక జాగ్రత్త. నీలం స్కెచ్ పెన్ను ముదురుగా ఉంటే నీలం జిలాటిన్ కింద మాయం కాదు, లేత నీలమే వాడండి. గీసిన వెంటనే ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూసుకోండి.

జిలాటిన్ కాగితాలు ముక్కలు చేసి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. నగల బొమ్మలు వేసిన జిరాక్స్ కాపీల మీద అక్షరాలు వేయలేదు, మీ మాట మీరే పెట్టుకోండి. టీ తాగాక ఇక్కడే ఆడదాం. ఒకే ఇంటివాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోవద్దు, నలుగురేసి కలిసిపోయి కూర్చోండి.